డిస్కు కనబడకపోతే పోయినట్టు కాదు

శుక్రవారం సాయంత్రం నాలుగున్నర. సోమవారం నుంచి అర్ధ సంవత్సర పరీక్షలు. ఎనిమిది, తొమ్మిది తరగతుల ప్రశ్నపత్రాలు టైపు చేయడం అయిందిగానీ ప్రింటు తీయలేదు. ఆఫీసు గదిలో కంప్యూటరు అప్‌డేట్ చేసుకుంటూ ఉండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, దానిమీద పూలకుండీ పెట్టుకున్నాం. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే ‘రిపేర్ చేస్తున్నాం’ అని తెర మీద వస్తుంది, ఆరిపోతుంది, మళ్లీ అదే మాట వస్తుంది. అరగంట అలాగే తిరిగింది.

నేను కంగారుపడలేదు. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగానే ఉన్నాను. మా దగ్గర బ్యాకప్ ఇమేజ్ ఉంది మరి! ఫైళ్లను ఒక్కొక్కటిగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడం వేరు, ఇమేజ్ తీయడం వేరు. ఇమేజ్ అంటే విండోస్, సాఫ్ట్‌వేర్లు, ఫాంట్లు, సెట్టింగులు, ఫైళ్లు అన్నిటితో సహా డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు అచ్చు తీసి పెట్టుకోవడం. కంప్యూటరు పాడైతే రికవరీ పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసి, ఆ ఇమేజ్‌ను మళ్లీ డిస్కు మీద పరిస్తే చాలు, తీసిన రోజున ఎలా ఉందో అలా లేచి కూర్చుంటుంది. దాన్నే రిస్టోర్ అంటారు. ఆ పని చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టుకుని, నెలకోసారి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి ఇమేజ్ తీస్తున్నాను. రికవరీ పెన్‌డ్రైవ్ కూడా చేసి, దారం కట్టి బీరువాలో వేలాడదీశాను.

పెన్‌డ్రైవ్ పెట్టాను. రికవరీ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. ఎక్స్‌టర్నల్ డిస్కు కనబడింది, అందులో మూడు వారాల కిందటి ఇమేజ్ కనబడింది. ‘ఎక్కడికి రిస్టోర్ చేయాలి?’ అనే తెర వచ్చింది. జాబితా ఖాళీ! కంప్యూటర్‌లో ఉండాల్సిన డిస్కు పేరే లేదు. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చాను. ఆపి, ఆన్ చేశాను. ఖాళీయే. గర్వం అక్కడితో దిగింది.

సర్వీసు దుకాణానికి ఫోన్ చేస్తే ఆ అబ్బాయి రెండు మాటల్లో తేల్చేశాడు. ‘డిస్కు డెడ్ సార్. కొత్తది వెయ్యాల.’

ఇది హోసూరు ప్రాంతంలోని మా తెలుగు ఉన్నత పాఠశాల సంగతి. బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపూర్‌లోనో, యానాంలోనో మీ బడి సంగతి దీనికి మరీ దూరంగా ఉంటుందనుకోను. తెలుగునాట అయితే ప్రశ్నపత్రం పట్టుకుని పక్క వీధి డీటీపీ సెంటర్‌కు పరుగెత్తవచ్చు. మా ఊళ్లో అలాంటివి నాలుగున్నాయి. నాలుగింటిలోనూ తమిళం, ఇంగ్లిషే. తెలుగు టైపు చేయగలిగింది మా ఆఫీసు గదిలోని ఆ ఒక్క కంప్యూటరే.

ప్రశ్నపత్రాలు పోతే మళ్లీ కూర్చుని చేతిరాతతో రాసి జిరాక్స్ తీయించుకోవచ్చు. పోకూడనిది ఇంకొకటి ఉంది. మా బడిలో పనిచేసి రిటైరైన సైన్స్ మాస్టారు ఏళ్ల తరబడి కూర్చుతున్న మూడు భాషల పదపట్టిక. పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్లలు ప్లస్ వన్‌లో ఇంగ్లిషులోనో తమిళంలోనో పడతారు. త్వరణం తెలిసిన పిల్లవాడు యాక్సిలరేషన్ దగ్గర, ముడుక్కం దగ్గర నోరు తెరుస్తాడు. కిరణజన్య సంయోగక్రియ బొమ్మ గీయగల అమ్మాయి ఒళిచ్చేర్కై అంటే ఏదో కొత్త పాఠం అనుకుంటుంది. మాస్టారు ఆ మూడూ పక్కపక్కన పెట్టారు. ఒక ప్రతి కంప్యూటర్‌లో, ఇంకో ప్రతి ఇమేజ్‌లో. విడిగా పెన్‌డ్రైవ్‌లో ఎందుకు పెట్టలేదని అడగకండి. ఇమేజ్‌లో అంతా ఉందిగా అనుకున్నాను.

చూడలేనిది ఎవరు?

రికవరీ సాఫ్ట్‌వేర్‌కు డిస్కు కనబడనప్పుడు చాలామంది ఆ ఒక్క తెర చూసి డిస్కు పోయిందని నమ్మేస్తారు. కొత్త డిస్కు కొంటారు. కొత్త డిస్కు వేసినా జాబితా ఖాళీగానే ఉంటే అప్పుడు మదర్‌బోర్డు మీద అనుమానపడతారు. ఇంకొందరు తొందరలో విండోస్ కొత్తగా వేసేస్తారు. అక్కడే అసలు నష్టం జరుగుతుంది.

అడగాల్సిన మొదటి ప్రశ్న ‘డిస్కు పోయిందా?’ అని కాదు. ‘చూడలేకపోతున్నది ఎవరు?’ అని. కంప్యూటర్‌లో డిస్కును చూసేవాళ్లు ఇద్దరు. మొదట చూసేది బోర్డులోనే ఉండే బయోస్. కొత్తవాటిలో దాన్ని యూఈఎఫ్ఐ అంటారు. దానికి విండోస్‌తో గానీ, పెన్‌డ్రైవ్‌తో గానీ సంబంధం లేదు. రెండోది పెన్‌డ్రైవ్‌లోంచి లేచిన రికవరీ వ్యవస్థ. ఇది నిజానికి ఒక బుల్లి విండోస్ లేదా బుల్లి లినక్స్. మీ అసలు విండోస్‌లో ఉన్న డ్రైవర్లన్నీ దీనిలో ఉండవు. తన వెంట తెచ్చుకున్న కొద్దిపాటి డ్రైవర్లతోనే ఇది లోకాన్ని చూస్తుంది.

కాబట్టి కంప్యూటరు ఆన్ చేస్తూనే ఎఫ్2 గానీ, డిలీట్ గానీ, కంపెనీని బట్టి ఎఫ్10 గానీ నొక్కి బయోస్‌లోకి వెళ్లాలి. అక్కడ స్టోరేజ్ వివరాల్లో డిస్కు మోడల్ పేరు కనబడుతోందా? కనబడితే డిస్కుకు కరెంటు అందుతోంది, అది పలుకుతోంది. అప్పుడు లోపం చాలావరకు పెన్‌డ్రైవ్ వైపే ఉంటుంది. బయోస్‌లో కూడా లేకపోతే అప్పుడు మూత విప్పి కేబుల్ చూడాలి. ఈ తేడా తెలుసుకోవడానికి రెండు నిమిషాలు చాలు, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

మా కంప్యూటర్ బయోస్‌లో 512 జీబీ ఎస్ఎస్‌డీ పేరు నిక్షేపంలా ఉంది. దుకాణం అబ్బాయికి మళ్లీ ఫోన్ చేయలేదు.

తెరుచుకున్న ఫైలు, చదవలేని తెలుగు

ఆ రాత్రి ఇంకో పని చేశాను. రిస్టోర్ సంగతి తర్వాత, ముందు ఇమేజ్ బాగుందో లేదో చూడాలనిపించింది. ఎక్స్‌టర్నల్ డిస్కు తీసుకెళ్లి హెచ్ఎం మేడం ల్యాప్‌టాప్‌కు పెట్టాను. చాలా బ్యాకప్ సాఫ్ట్‌వేర్లలో ఇమేజ్‌ను రిస్టోర్ చేయకుండానే మామూలు డ్రైవ్‌లా తెరిచి, లోపలి ఫైళ్లు కాపీ చేసుకునే వీలుంది. విండోస్‌తో వచ్చే సిస్టమ్ ఇమేజ్ అయితే ఇంకా సులువు. దాని ఫోల్డర్ లోపల వీహెచ్‌డీఎక్స్ అనే తోక ఉన్న పెద్ద ఫైళ్లుంటాయి, వాటిని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అటాచ్ చేస్తే డ్రైవ్‌లా తెరుచుకుంటాయి. చదవడానికి మాత్రమే అన్న ఎంపిక పెట్టి తెరవడం మంచిది.

తెరుచుకుంది. ప్రశ్నపత్రాలున్నాయి, పదపట్టిక ఉంది. ‘అమ్మయ్య’ అనుకుని పదపట్టిక మీద క్లిక్ చేస్తే తెర నిండా ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొమ్ములు, తోకలు. మేడం వంగి చూసి ‘ఇదేం భాష సార్?’ అన్నారు.

అది తెలుగే. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. కానీ అచ్చు పనులన్నీ అను వంటి ఫాంట్లలోనే సాగుతూ వచ్చాయి. మన బడుల్లో చాలామంది టైపు నేర్చిందీ ఆ కీబోర్డుల మీదే. ఆ ఫాంట్లు కంప్యూటర్‌కు ఇంగ్లిషు అక్షరాలనే చెప్పి, మన కళ్లకు తెలుగు బొమ్మలు చూపిస్తాయి. ఫాంటు లేని చోట ఆ ముసుగు జారిపోతుంది. ఇమేజ్‌లోంచి ఫాంట్ ఫైళ్లు ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేస్తే చదవడానికి తెలుగు వచ్చింది. కానీ ఒక్క అక్షరం దిద్దాలన్నా, కొత్త పదం చేర్చాలన్నా ఆ టైపింగ్ సాఫ్ట్‌వేర్ కావాలి. దాన్ని వేసిన సీడీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

‘విండోస్ కొత్తగా వేసుకుంటే పోలేదా’ అనే సలహా మన బడుల దగ్గర చెల్లనిది ఇందుకే. కొత్త విండోస్ దొరుకుతుంది. పదేళ్ల కిందట ఎవరో ఆపరేటర్ వచ్చి అమర్చి వెళ్లిన తెలుగు దొరకదు. అది ఇమేజ్‌లోనే ఉంది, ఇమేజ్ దిగాల్సిందే.

మధ్యలో గుమాస్తా

శనివారం పొద్దున్నే బడికి వెళ్లి మళ్లీ బయోస్ తెరిచాను. స్టోరేజ్ పేజీలో ‘వీఎండీ’ అనే సెట్టింగ్ ఎనేబుల్ అయి ఉంది. చిక్కుముడి అక్కడుంది.

ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లతో వచ్చిన కంప్యూటర్ల నుంచి చాలావాటిలో డిస్కు నేరుగా విండోస్ ముందుకు రాదు. మధ్యలో వీఎండీ అనే గుమాస్తా కూర్చుంటాడు. డిస్కుతో ఏం మాట్లాడాలన్నా అతని ద్వారానే. అతని భాష తెలియాలంటే ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ ఉండాలి. కంప్యూటర్‌తో వచ్చిన విండోస్‌లో ఆ డ్రైవర్‌ను కంపెనీవాళ్లే వేసి ఇస్తారు, అందుకే మనకు రోజూ ఏ తేడా తెలియదు. రికవరీ పెన్‌డ్రైవ్‌లో అది లేకపోతే, డిస్కు ఎదురుగా ఉన్నా ‘ఇక్కడ డిస్కులేవీ లేవు’ అంటుంది. అబద్ధం కాదు, దానికి నిజంగానే కనబడదు. మైక్రోసాఫ్ట్ నుంచి దింపుకున్న విండోస్ పెన్‌డ్రైవ్‌తో కొత్త ల్యాప్‌టాప్‌లలో విండోస్ వేయబోయినవాళ్లకు డిస్కుల జాబితా ఖాళీగా రావడం వెనకా తరచూ ఇదే కథ.

మరి ఎక్స్‌టర్నల్ డిస్కు ఎలా కనబడిందంటారా? అది యూఎస్‌బీ దారిలో వచ్చింది. ఆ దారిలో ఈ గుమాస్తా లేడు.

తప్పు నాదే. రికవరీ పెన్‌డ్రైవ్‌ను నేను ఈ కంప్యూటర్‌లో చేయలేదు. కంప్యూటర్ ల్యాబ్‌లోని పాత మెషీన్‌లో చేశాను, అది ఖాళీగా ఉందని. చాలా బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు రికవరీ పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడు, తాము నడుస్తున్న కంప్యూటర్ డ్రైవర్లను అందులోకి చేర్చుకుంటాయి. పాత మెషీన్‌లో వీఎండీ లేదు, కాబట్టి ఆ డ్రైవరూ చేరలేదు.

దీనికి రెండు దారులు. ఒకటి, బయోస్‌లో వీఎండీని ఆపేయడం. ఆపితే రికవరీ సాఫ్ట్‌వేర్‌కు డిస్కు నేరుగా కనబడుతుంది, రిస్టోర్ కూడా అవుతుంది. కానీ రిస్టోర్ అయ్యాక మళ్లీ ఆన్ చేయడం మరిచిపోతే, గుమాస్తా ఉన్నాడన్న నమ్మకంతో లేచే విండోస్ అతను లేక ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని నీలి తెర చూపించవచ్చు. ఈ దారి పట్టేవాళ్లు ముందుగా ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి, రిస్టోర్ పూర్తికాగానే సెట్టింగ్ పాత స్థితికి తేవాలి. రెండు డిస్కులను రెయిడ్‌గా కలిపి వాడుతున్న కంప్యూటరైతే ఆ సెట్టింగ్ జోలికే పోవద్దు, కలిపిన డిస్కుల పొత్తు చెడితే ఉన్న డేటా పోతుంది.

రెండోది, పెన్‌డ్రైవ్‌కు డ్రైవర్ అందివ్వడం. నేను ఇదే ఎంచుకున్నాను. కంప్యూటర్ కంపెనీ సపోర్టు పేజీలో మన మోడల్ నంబరు కొట్టి, స్టోరేజ్ విభాగంలో ఈ డ్రైవర్‌ను దింపుకోవాలి. మొదట దింపింది ఈఎక్స్ఈ ఫైలు, డబుల్ క్లిక్ చేస్తే ఇన్‌స్టాల్ అయ్యేది. రికవరీ తెరలో ‘లోడ్ డ్రైవర్’ నొక్కి దాన్ని చూపిస్తే అసలు గుర్తించనే లేదు. అది కోరేది ఐఎన్ఎఫ్ అనే తోక ఉన్న ఫైలు, దాని తోటి ఫైళ్లతో సహా. ఈఎక్స్ఈని ల్యాప్‌టాప్‌లో విప్పి, లోపలి ఫోల్డర్‌ను మొత్తంగా పెన్‌డ్రైవ్‌లో పెట్టాలి. కొన్ని కంపెనీలు విప్పిన ఫైళ్లనే ‘ఎఫ్6’ అనే పేరుతో ఇస్తాయి. ఆ పేరు వెనక చిన్న చరిత్ర ఉంది. విండోస్ ఎక్స్‌పీ వేసే రోజుల్లో, తెలియని డిస్కు కంట్రోలర్ ఉంటే ఎఫ్6 నొక్కి ఫ్లాపీలోంచి డ్రైవర్ ఇవ్వాల్సి వచ్చేది. ఫ్లాపీలు పోయాయి, మీట పోయింది, పేరు మిగిలింది.

మళ్లీ ‘లోడ్ డ్రైవర్’ నొక్కాను, ఈసారి ఫోల్డర్ చూపించాను. రెండు సెకన్లు. ఖాళీ జాబితాలో ఒక గీత పుట్టింది. 476 జీబీ.

512 జీబీ డిస్కు 476గా కనబడటం చూసి మరోసారి గుండె ఆగనక్కర్లేదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కిస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. మా 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు 931గా కనబడింది. ఈ అంకెలు ముందే కాగితం మీద రాసుకోమని ఎందుకంటానంటే, ఇప్పుడు జాబితాలో రెండు డిస్కులున్నాయి. ఒకటి రిస్టోర్ కావాల్సినది, ఇంకొకటి మన ఏకైక ఇమేజ్ ఉన్నది. రిస్టోర్ అంటే ఎంచుకున్న డిస్కు మీద ఉన్నదంతా చెరిపి రాయడమే. చాలా సాఫ్ట్‌వేర్లు ఇమేజ్ ఉన్న డిస్కు మీదే రాయనివ్వవు కానీ, అలా అడ్డుపడుతుందిలే అని నేనైతే క్లిక్ చేయను. రాత్రి ల్యాప్‌టాప్‌లోకి తీసిపెట్టిన ఫైళ్లు ఈ ఘడియలో ఇచ్చిన ధైర్యం అంతా ఇంతా కాదు.

ముప్పై ఐదు నిమిషాల్లో రిస్టోర్ పూర్తయింది. పెన్‌డ్రైవ్ తీసి ఆన్ చేస్తే, పాత డెస్క్‌టాప్, మా స్కూలు వార్షికోత్సవం ఫొటోతో సహా లేచింది.

పాత కంప్యూటర్ల బాధలు వేరు

మనలో చాలా బడుల్లో కంప్యూటర్లు ఇంత కొత్తవేమీ కావు. వాటిలో డిస్కు కనబడకపోవడానికి కారణాలు వేరే ఉంటాయి. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది గుండ్రటి నాణెం బ్యాటరీ. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే బ్యాటరీ ఉంటుంది. గడియారాన్ని నడిపేది, బయోస్ సెట్టింగులను కాపాడేది అదే. ఏళ్ల తరబడి వాడి, వేసవి సెలవుల్లో రెండు నెలలు మెయిన్ ఆపేస్తే అది పూర్తిగా నీరసిస్తుంది. జూన్‌లో ఆన్ చేసేసరికి తేదీ ఎప్పటిదో చూపిస్తుంది, సెట్టింగులు కంపెనీ ఇచ్చిన స్థితికి వెళ్లిపోతాయి. దాంతోపాటు సాటా మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో, ఐడీఈకో మారిపోవచ్చు. నిన్నటిదాకా నడిచిన విండోస్ లేవదు, కొన్నిసార్లు రికవరీ పెన్‌డ్రైవ్‌కు డిస్కూ కనబడదు. డిస్కు పోయిందనుకుని మార్చే ముందు తేదీ చూడండి. తేదీ తప్పితే బ్యాటరీ మార్చి, సాటా మోడ్ మునుపటిలా పెడితే కథ కంచికి వెళ్తుంది.

బయోస్‌లోనే డిస్కు లేకపోతే కంప్యూటరు ఆపి, ప్లగ్ పీకి, మూత తీయండి. దుమ్ము, బల్లి గుడ్లు పక్కన పెడితే, సాటా కేబుల్ వదులు కావడం చాలా మామూలు. రెండు చివరలా తీసి గట్టిగా పెట్టండి, వేరే కేబుల్ ఉంటే మార్చి చూడండి. పాత హార్డ్ డిస్కు టిక్కుటిక్కుమని లయగా కొట్టుకుంటుంటే మాత్రం పదేపదే ఆన్ చేయకండి. లోపల తిరిగే పళ్లెం మీద రాతలు పాడవుతాయి. దాన్ని పక్కన పెట్టి కొత్త డిస్కు మీద ఇమేజ్ దింపుకోవడమే క్షేమం. కొత్త డిస్కు పాతదానికంటే చిన్నది కాకుండా చూసుకోండి. తైవాన్‌వాళ్లు ఉచితంగా ఇస్తున్న క్లోన్‌జిల్లా వంటివి, మామూలుగా, చిన్న డిస్కు మీదకు ఇమేజ్‌ను దింపవు, అసలు డేటా కొంచెమే ఉన్నా సరే.

ఒక్కోసారి కంప్యూటర్ డిస్కు కనబడి, ఇమేజ్ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కే కనబడదు. విండోస్ 7 కాలంనాటి రికవరీ డిస్కులకు యూఎస్‌బీ 3 తెలియదు. నీలిరంగు రంధ్రంలోంచి తీసి నల్లరంగు యూఎస్‌బీ 2లో పెడితే చాలాసార్లు పలుకుతుంది. డెస్క్‌టాప్ ముందువైపు రంధ్రాల్లో కరెంటు చాలకపోవచ్చు, వెనకవైపు పెట్టి చూడాలి.

విండోస్ సొంత సిస్టమ్ ఇమేజ్ వాడేవారికి ఇంకో చిక్కు. విండోస్‌ఇమేజ్‌బ్యాకప్ అనే ఫోల్డర్ డిస్కులో అన్నిటికంటే పైస్థాయిలోనే ఉండాలి. ‘స్కూల్ బ్యాకప్ 2023’ అని ముచ్చటగా ఇంకో ఫోల్డర్ చేసి అందులో పెట్టారో, ‘సిస్టమ్ ఇమేజ్ దొరకలేదు’ అంటుంది. మన సర్దుడు గుణం అక్కడ పనికిరాదు. ఈ సౌకర్యాన్ని ఇక అభివృద్ధి చేయబోమని మైక్రోసాఫ్ట్ 2017లోనే చెప్పేసింది కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వేరే సాఫ్ట్‌వేర్ చూసుకోవడం మేలు. ఇంకొకటి, యూఈఎఫ్ఐ పద్ధతిలో తీసిన ఇమేజ్‌ను దింపేటప్పుడు పెన్‌డ్రైవ్‌ను కూడా యూఈఎఫ్ఐ పద్ధతిలోనే లేపాలి. బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనబడితే, ముందు యూఈఎఫ్ఐ అని రాసి ఉన్నదాన్ని ఎంచుకోండి.

కొత్త విండోస్ 11లో డిస్కుకు బిట్‌లాకర్ తాళం తనంతట తానే పడి ఉండవచ్చు. అలాంటప్పుడు రికవరీ తెరలో డిస్కు కనబడుతుంది, లోపలిది కనబడదు. అదీ పాడవడం కాదు. 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీని ఇప్పుడే తీసి, అడ్మిషన్ రిజిస్టరు పెట్టే బీరువాలో కాగితం మీద ఉంచండి. కంప్యూటర్‌లోనే సేవ్ చేస్తే తాళం చెవిని ఇంట్లో పెట్టి తాళం వేసినట్టే. కంప్యూటర్ దానంగా వచ్చినదైతే, ఆ కీ దాత ఖాతాలో ఉండిపోయే అవకాశముంది, వారినడిగి తెచ్చుకోవాలి.

ఈ అనుభవం తర్వాత మా బడిలో ఒక అలవాటు పెట్టుకున్నాం. ప్రతి టర్మ్ మొదటి వారంలో ఆఫీసు కంప్యూటర్‌ను రికవరీ పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేస్తాం. రెండు డిస్కులూ జాబితాలో కనబడ్డాయా, ఇమేజ్ తెరుచుకుంటోందా చూసి, రిస్టోర్ నొక్కకుండా బయటికి వచ్చేస్తాం. పది నిమిషాల పని. పెన్‌డ్రైవ్‌ను ఈసారి ఆ కంప్యూటర్‌లోనే కొత్తగా చేశాను. డ్రైవర్ ఫోల్డర్ కూడా అందులోనే ఉంచాను, దారానికి ఓ చీటీ కట్టి మోడల్ నంబరు రాశాను. పదపట్టికను విడిగా మూడు చోట్ల పెట్టాం. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే పని పదో తరగతి పిల్లలిద్దరు మొదలుపెట్టారు. మార్పిడి సాఫ్ట్‌వేర్ ఒత్తుల దగ్గర, ముఖ్యంగా క్షకారం దగ్గర తడబడుతోంది, ప్రతి పేజీ కళ్లతో చూడాల్సిందే.

ఇమేజ్ మూడు వారాల కిందటిది అన్నాను కదా. ఆ మూడు వారాల్లో మాస్టారు చేర్చిన పదాలు నలభై దాకా పోయాయి. ఆదివారం ఆయన ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పాను. కోప్పడతారనుకున్నాను. లోపలికి వెళ్లి అట్ట చిరిగిన నోట్‌బుక్ తెచ్చారు. పదాలన్నీ పెన్సిల్‌తో, మూడు గళ్లలో, తేదీలతో సహా ఉన్నాయి.

‘నేను ముందు ఇందులో రాసుకునే నీకు చెబుతా నాయనా’ అన్నారు. కళ్లద్దాలు సర్దుకుని మొదటి పేజీ తిప్పారు. ‘రాసుకో. జడత్వం. తమిళంలో నిలైమం. ఇంగ్లిషులో ఇనర్షియా.’